పందికొక్కు మీద ఎర్ర గీత

కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఒకటే అడుగుతారు: "మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది సార్?" నేను ఏ సన్మానం గురించో, పెద్ద ఉద్యోగస్తుడైన శిష్యుడి గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను పందికొక్కు గురించి మొదలుపెడతాను. నవ్వుతారు. నవ్వనీ. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ మాట తలచుకుంటే నవ్వు రాలేదు.

ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన మరుసటి సంవత్సరం నాకు ఉద్యోగం దొరికింది. మా ఇల్లు తిరువళ్ళూరులో, అంటే మద్రాసు రాష్ట్రంలో. బడి తిరుత్తణి స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, అంటే అప్పటి లెక్కకు ఆంధ్రలో. పొద్దున్నే రైలెక్కి, అరక్కోణంలో ఇంకో రైలు మారి బడికి చేరేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అదే దారి. ఒక రాష్ట్రంలో సద్ది తిని ఇంకో రాష్ట్రంలో పాఠం చెప్పి వచ్చే మనిషిని. బడి పేరు మాత్రం చెప్పను. తప్పు నాది, బడిది కాదు.

నాకు ఇంగ్లీషులో పట్టా ఉండేది, ట్రైనింగు ఉండేది, వాటికి మించి పొగరు ఉండేది. మద్రాసు మూరు మార్కెట్టులో పాత పుస్తకాల అంగడిలో ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు కొన్నాను. మా అమ్మ దానికి ఇటికరాయి అని పేరు పెట్టింది. అందులో ప్రతి మాట కిందా అది ఎక్కడ పుట్టిందో సన్న అక్షరాల్లో వేసి ఉండేది. 'విండో' అంటే మొదట్లో గాలికి కన్ను అట. 'శాలరీ'లో ఉప్పు ఉందట. 'కంపానియన్' అంటే రొట్టె పంచుకు తిన్నవాడట. 'ఎగ్జామిన్' అనే మాట త్రాసు ముల్లు నుంచి వచ్చిందట. నాకు ఇవి చదువుతుంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. రోజూ మోసుకుపోలేనంత బరువు కాబట్టి పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచి, కావలసిన మాటలు చిన్న కాగితం మీద రాసుకుని రైల్లో బట్టీ పట్టేవాణ్ణి.

నేను బట్టీ పట్టినదాన్ని పిల్లలచేత కూడా బట్టీ పట్టించాను. వారానికి ఇరవై మాటలు, వాటి పుట్టుకలు. సోమవారం అప్పజెప్పాలి. నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, ఒకడు లేచి 'మజిల్' అంటే చిట్టెలుక సార్ అని గడగడా చెప్పాడు. నిజమే, లాటిన్‌లో దాని పుట్టుక అదే. "మరి ఇప్పుడు దాని అర్థం ఏమిటిరా?" అని అడిగితే తెల్లమొహం వేశాడు. చేతిలో కండ ఉంది కానీ దాన్ని ఏమంటారో వాడికి తెలియదు. నేను వాణ్ణే తిట్టాను.

మా బడిలో తెలుగు పండితుడు ఒకాయన ఉండేవాడు. పంచె, పాత కోటు, భుజాన తుండుగుడ్డ. మనిషి బక్కపలచన. పిల్లలకూ మాకూ కూడా ఆయన పెద్దయ్యోరే. నేను చేరకముందు ఇంగ్లీషు పంతులు లేక బడి మూడేళ్ళు అల్లాడింది. అప్పుడు ఒకటో ఫారం, అంటే ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఎవరూ లేక హెడ్మాస్టరు ఆయన్ను బతిమాలాడట. ఆయన ఆ వయసులో ఇంగ్లీషు నేర్చుకుంటూ, నేర్చుకున్నది మరునాడు పిల్లలకు చెప్పాడు. నేను చేరాక కూడా ఒకటో ఫారం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన ఉచ్చారణ వింటే నాకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. 'విండోవు' అనేవాడు. 'టేబులు' అనేవాడు.

కానీ పిల్లలు! శుక్రవారం చివరి పీరియడు ఆయన క్లాసు పక్కన నా క్లాసు. గోడ అవతల జాతర జరుగుతున్నట్టు ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను.

అక్కడి పద్ధతి ఇది. వారమంతా పిల్లలు ఇంట్లో, వీధిలో, అంగట్లో, రైలు స్టేషనులో చెవిన పడిన ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకు రావాలి. శుక్రవారం నాడు లేచి, ఆ మాట తమ ఇంట్లో ఏమేమి పనులు చేస్తోందో చెప్పాలి. పాత పరీక్ష కాగితాలను చీటీలుగా చించి పెద్దయ్యోరు రాసుకునేవాడు. చీటీకి పైన పుట్టినిల్లు, కింద మెట్టినిల్లు. ఏ భాషలో పుట్టిందో తెలిస్తే పైన రాస్తాడు, తెలియకపోతే ఖాళీగా ఉంచుతాడు. కింద మాత్రం పనులన్నీ రాయవలసిందే. రాసిన చీటీని ఇనుప తీగకు గుచ్చి గోడకు తగిలించేవాడు.

ఆ రోజు ఒకడు 'పోస్టు' తెచ్చాడు. జాబు వచ్చేది పోస్టు. తంతి తీగలు మోసే కంబం పోస్టు. వాళ్ళ మామకు రైల్వేలో దొరికింది పోస్టు. ఇన్ని ఎట్లా అయినాయి అయ్యోరా అని ఇంకొకడు అడిగాడు.

"ఒరే, మీ ఇంట్లో మీ వదినె ఉండాది గదా? పొద్దన వంటింట్లో ఉంటాది. మద్యానం చేనికాడ ఉంటాది. సాయంత్రం గొడ్లకాడ ఉంటాది. మనిషి మారిందా?"

"లేదయ్యోరా, పని మారింది!"

"ఆ, అంతే. మాట గూడా కోడలు మాదిరే. పుట్టినింట్లో ఒక పేరుతో, ఒక పనితో ఉంటాది. మెట్టినింటికి పోతే పది పనులు నెత్తిన పడతాయి. దాన్ని చూసి బయపడకూడదు. పాపం అనుకోవల్ల."

అంత తేలిగ్గా చెప్పడం నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు. మెచ్చుకోవలసింది పోయి కుళ్ళుకున్నాను. పట్టా లేని ముసలాయన తరగతిలో పిల్లలు చేతులెత్తి ఎగురుతుంటే, నా తరగతిలో గోడగడియారం వైపు చూస్తుంటే, కుళ్ళు రాక ఏమవుతుంది? సాయంత్రం స్టాఫ్ రూములో ఆయనతో, "బాగుంది పెద్దయ్యోరూ, కానీ పుట్టుకలు ఇట్లా ఊహించి రాయకూడదు. ప్రమాణం కావాలి" అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. "నిజమే నాయనా. అందుకే తెలియనివన్నీ కాలీగా పెట్టినాను. నువ్వు నీ పెద్ద బుక్కు చూసి చెప్పు, రాసుకుంటా" అన్నాడు. ఆ తర్వాత వారానికి నాలుగైదు మాటలు నాకు ఇచ్చేవాడు. నేను ఇంటి దగ్గర చూసి వచ్చి చెబితే బుద్ధిగా చీటీ మీద ఎక్కించుకునేవాడు. మా ఇద్దరికీ అట్లా ఒక స్నేహం కుదిరింది. నేను చెప్పినదాన్ని ఆయన ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్నించలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

నా రెండో సంవత్సరంలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు పట్టా, ట్రైనింగు రెండూ ఉండి తీరాలి. లేనివాళ్ళ పాఠం ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. బాగుందనుకుంటే ఉండనిస్తాడు, లేకుంటే ఇంగ్లీషు తీసేస్తాడు. మా బడిలో అట్లాంటివారు పెద్దయ్యోరు ఒక్కరే.

ఆ వారం పెద్దయ్యోరు నాతోపాటు స్టేషను దాకా నడిచి వచ్చాడు. ఎప్పుడూ రాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర నిలబడి తుండుగుడ్డ చేతుల్లో నలుపుతూ అన్నాడు:

"నాయనా, నీకు తెలియనిదేముంది. తెలుగు చెప్పేదానికి నన్ను ఎవురూ తీసెయ్యరు. ఆ శుక్రవారం గెంట ఒక్కటి నాకు ఉండల్ల. మాకు బిడ్డల్లేరు. మా ఇంటామె గూడా శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి పోతానే, ఈ పొద్దు ఏం మాటలు తెచ్చినారు పిలకాయలు అని అడగతాది. ఇన్‌స్పెక్టరు నిన్ను తప్పకుండా అడగతాడు. ఇంగ్లీషు చదివినోడివి నువ్వే గదా. ఒక మంచి మాట చెప్పు."

"చెప్పకుండా ఎట్లా పోతాను పెద్దయ్యోరూ!" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. రైలు కదిలేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చింది ఒక శుక్రవారమే. పెద్దయ్యోరు కావాలని అడిగి ఆ రోజు వేయించుకున్నాడో, తానుగా పడిందో తెలియదు. ఇన్‌స్పెక్టరు ముందు నా పాఠం చూశాడు. మామూలుగా మనమంతా చేసేదే నేనూ చేశాను. వారం ముందే పాఠం తయారు చేసి, ఎవరిని ఏమడగాలో, ఎవరు లేచి ఏం చెప్పాలో రెండుసార్లు ఆడించి పెట్టాను. అంతా చక్కగా జరిగింది. ఇన్‌స్పెక్టరు నా పుట్టుకల జాబితా చూసి ముచ్చటపడ్డాడు. "మీరు చాలా చదివారు మాస్టారూ" అన్నాడు. నేను నేల మీద లేను.

చివరి పీరియడు ఒకటో ఫారం. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, హెడ్మాస్టరు ఒక పక్క, నేను ఇంకో పక్క. ముప్పై ఎనిమిదిమంది పిల్లలు. పెద్దయ్యోరు వాళ్ళకు ఏమీ ముందుగా నేర్పి పెట్టలేదు. "ఎవురు ఏం మాట తెచ్చినారు రా?" అని ఎప్పటిమాదిరే అడిగాడు. ఒకడు 'లైను' తెచ్చాడు, ఒకడు 'స్టేషను' తెచ్చాడు. పోలీసు స్టేషనుకూ రైలు స్టేషనుకూ చుట్టరికం ఏమిటని పిల్లలు చెబుతుంటే ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వుకున్నాడు. ఆయనకు నచ్చింది. నేను స్పష్టంగా చూశాను, ఆయనకు నచ్చింది.

అప్పుడు ఒక పాప లేచింది. ఆ తరగతిలో ఉన్నది నలుగురే ఆడపిల్లలు. ఈ పాప నాయన స్టేషనులో గూడ్సు షెడ్డు దగ్గర మూటలు మోసే మనిషి. అక్కడి స్టేషను మాస్టరు ఆంగ్లో ఇండియను, కూలీలందరికీ ఆయన దొరే. రెండు జడలు, ఒకదానికి రిబ్బను, ఒకదానికి గుడ్డపేలిక.

"బాండికూటు అయ్యోరా."

"అదేం మాటమ్మా? యాడ దొరికింది?"

"మా నాయన తెచ్చినాడు. శెనక్కాయ మూటలు కొరికేస్తా ఉంటే, స్టేషను దొర చూసి, బాండికూట్, బాండికూట్ అని అరిచినాడంట. మా నాయన పోయి కట్టెతో కొట్టినాడు. చూస్తే అది పందికొక్కు అయ్యోరా. దొర మన మాటే అంటా ఉండాడు, ఆయప్పకు నోరు తిరగలా అంతే!"

తరగతంతా గొల్లుమంది. పెద్దయ్యోరు నవ్వలేదు. రెండు నిమిషాలు ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. పందికొక్కు, బాండికూటు. పందికొక్కు, బాండికూటు. ఆయన మొహం ఎట్లా వెలిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. చీటీ తీసి, పైన పుట్టినిల్లు దగ్గర పెద్ద అక్షరాలతో 'మనిల్లు' అని రాశాడు.

"ఇన్నేండ్లుగా ఊరోళ్ళ కోడండ్లనే చూస్తా వచ్చినాం గదరా. ఈ పొద్దు మనింటి ఆడబిడ్డ ఒకతి దొరికినాది! మన గాదె కింద పుట్టి, సీమదొరల ఇంటికి కాపరానికి పొయ్యినాది. రాసుకోండి, అందురూ రాసుకోండి!"

ముప్పై ఎనిమిది కలాలు కదిలాయి. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. పెద్దగా నవ్వి, నా వైపు తిరిగాడు.

"ఏం మాస్టారూ? పుట్టుకలు మీకు బాగా తెలుసు కదా. ఇది నిజమేనా?"

నిఘంటువు తిరువళ్ళూరులో నా బల్ల మీద ఉంది. "చూసి చెబుతానండీ" అంటే సరిపోయేది. ఆ నాలుగు ముక్కలు నా నోటికి రాలేదు. బాండికూట్ అనేది ఆస్ట్రేలియాలో ఉండే ఒక జంతువు. దాని బొమ్మ నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక పుస్తకంలో చూశాను. పొడుగు మూతి, కడుపు దగ్గర సంచి. అంత దూరదేశపు జంతువుకు మా ఇళ్ళలో గాదెల కింద బొక్కలు తవ్వే దరిద్రపు పందికొక్కు పేరు ఎట్లా ఉంటుంది? కట్టుమరం అనే మాట ఇంగ్లీషులోకి పోయిందని నాకు తెలుసు. అది సముద్రం మీద తేలేది కాబట్టి తేలుకుంటూ పోయిందనుకున్నాను. మా అమ్మ నోట్లోని మాట, అందులోనూ తిట్టు కింద వాడే మాట, నిఘంటువుకు ఎక్కుతుందని నాకు కలలో కూడా తోచలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

"కాదు సార్" అన్నాను ఇంగ్లీషులో. "అది ఆస్ట్రేలియా జంతువు. ఇది వట్టి కల్పన."

ఇన్‌స్పెక్టరు నవ్వు మెల్లగా ఆగింది. పెద్దయ్యోరు నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇంటికి వచ్చిన డాక్టరు మాట విన్నవాడిలా తల ఊపాడు. పాప ఇంకా నిలబడే ఉంది. "కూర్చోమ్మా" అన్నాడు ఆయన.

త్రాసు ముల్లు గురించి పిల్లలకు గొప్పగా చెప్పినవాణ్ణి. ఆ రోజు ముల్లును వేలితో తోసింది నేనే.

సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ ఈ సంగతి తమాషాగా చెప్పాను. మా అమ్మ వడ్డిస్తూ ఆగిపోయింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"మూటలు కొరికింది పందికొక్కే గదా?"

"పందికొక్కేలే మా. మాట గురించి నేను చెప్పేది."

"దొర దాన్ని చూసే గదా అరిచినాడు?"

"అవును."

"మళ్ళీ ఇంకేంది? నీ ఇటికరాయిలో చూసినావా?"

"చూడాల్సిన పనిలేదు మా."

"చూడకుండా ఎట్ల చెప్పినావురా పెద్దమనిషి అన్నదాన్ని కాదని?"

చెయ్యి కడుక్కుని, ఆమె నోరు మూయించడానికే పుస్తకం తెరిచాను. అర నిమిషం కూడా పట్టలేదు. బాండికూట్: దక్షిణ ఇండియాలోని పెద్ద ఎలుక. ఆస్ట్రేలియా జంతువుకు కూడా తర్వాత అదే పేరు పెట్టారు. పుట్టుక: తెలుగు, పందికొక్కు.

తెలుగు అనే మాట ఆ పేజీలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. దాన్ని ఎన్నిసార్లు చదివానో! మా అమ్మ దీపం ఎత్తి పట్టుకుని, "ఏముండాది?" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె గెలిచానని సంబరపడలేదు. "రేపే పోయి చెప్పేసిరా నాయనా. కాలు జారితే లేసుకోవచ్చు" అని ఊరుకుంది. సామెతలో మిగతా సగం చెప్పనక్కరలేదనుకుంది కాబోలు.

రేపు శనివారం, బడి సెలవు. ఆదివారం ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాను. చించేశాను. మళ్ళీ రాశాను. సోమవారం బడికి పోయేసరికి ఆయన రిపోర్టు చదివి హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. నా గురించి ఏకంగా ఒక పేరా. విశేషమైన పాండిత్యం, పై తరగతుల ఇంగ్లీషంతా నాకే అప్పగించవచ్చు. పెద్దయ్యోరి గురించి రెండు వాక్యాలు. పిల్లల ఉత్సాహం బాగుంది కానీ విషయంలో నమ్మదగినవారు కారు, ఇంగ్లీషు తప్పించాలి. నా జేబులో ఉత్తరం ఉంది. దాన్ని పంపితే రెండో మాట తప్పవుతుంది. రెండోది తప్పయితే మొదటిది నిలబడదు. నాకు మొదటిది కావాలి. ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. అబ్బాయిలూ, పొరపాటు చెయ్యడం వేరు, దాన్ని జేబులో పెట్టుకు తిరగడం వేరు. మొదటిదానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

ఒకటో ఫారం కూడా నాకే వచ్చింది.

మొదటి రోజే నోటుబుక్కులు దిద్దడానికి తెప్పించుకున్నాను. అప్పట్లో మా పద్ధతి మీకు తెలిసిందే. ప్రతి పేజీ చూడాలి, ఎర్రసిరాతో తప్పులు కొట్టాలి, కింద సంతకం పెట్టాలి. మొదటి పుస్తకం తెరిచాను. శుక్రవారం తేదీ కింద 'బాండికూటు: పుట్టినిల్లు మనిల్లు' అని ఉంది. దాని మీద నల్లసిరా గీత. పక్కన పిల్లవాడి రాతలో: 'తప్పు. పెద్దయ్యోరు కొట్టెయ్యమన్నారు.' రెండోది తెరిచాను. అదే. మూడోది. అదే. ఆయన ఆ పొద్దున, ఇంగ్లీషు క్లాసు చేతులు మారకముందు, చివరిసారిగా వెళ్ళి పిల్లలకు తన తప్పు ఒప్పుకుని వచ్చాడు. నేను చెప్పింది నిజమని నమ్మాడు. ఏనాడైనా నన్ను ఎదురు ప్రశ్నించాడా?

నేను ఒక్కొక్క గీత కిందా ఎర్రసిరాతో సంతకం పెట్టుకుంటూ పోయాను. దిద్దుబాటు సరిగానే ఉందన్నట్టు. ముప్పై ఏడు పుస్తకాలు.

ముప్పై ఎనిమిదోది ఆ పాపది. అందులో గీత లేదు.

పిలిచాను. "ఎందుకు కొట్టెయ్యలేదు?"

తల వంచుకుంది. "మా నాయన అబద్దం చెప్పడు సార్" అంది.

"పెద్దయ్యోరు కొట్టెయ్యమన్నాడు కదా?"

"ఆయన గూడా చూళ్ళేదు గదా సార్. దొర అరిచింది విన్నది మా నాయన."

తరగతిలో ముప్పై ఏడుమంది చూస్తున్నారు. నాకు నిజం తెలుసు. ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆ పాపా. నేను కలం తీసుకుని ఆ మాట మీద ఎర్ర గీత కొట్టాను. అడ్డంగా, నిండుగా, స్కేలు పెట్టినట్టు. కింద సంతకం చేసి పుస్తకం చేతికిచ్చాను. ఆమె ఏడవలేదు. గీతను చూసింది, నన్ను చూసింది, పోయి కూర్చుంది. ఆ ఏడంతా నా క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు. వేసవి సెలవుల తర్వాత బడికి రాలేదు. వాళ్ళ నాయనకు వేరే స్టేషనులో పని దొరికి సంసారం తరలిపోయిందన్నారు.

ఆ తర్వాత కూడా శుక్రవారం చివరి గంట ఉండేది. నేనూ మాటలు తెమ్మన్నాను. ఒక్కరూ తేలేదు. "ఏం రా, ఇంట్లో ఎవరూ ఇంగ్లీషు మాట అనలేదా?" అంటే, "తప్పయితే ఏం చేసేది సార్?" అన్నాడొకడు. పుట్టుకలు బట్టీ పట్టించడం మానేశాను. బడి వదలగానే స్టేషనుకు వెళ్ళే దారిలో పెద్దయ్యోరి ఇల్లు కనబడకుండా చెరుకు తోట గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. స్టాఫ్ రూములో మాత్రం తప్పించుకోలేను. ఆయన మామూలుగానే పలకరించేవాడు. మాటలు తెచ్చి 'చూసి చెప్పు' అని మాత్రం అడగలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది. ఉద్యోగులు ఎటు వెళ్ళాలో తేల్చుకోవలసి వచ్చింది. నాకు ఇక ఇల్లూ కొలువూ ఒకే రాష్ట్రంలో ఉంటాయని మా అమ్మ సంతోషపడింది. పెద్దయ్యోరు సరిగ్గా అప్పుడే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నేను ఇంగ్లీషులో మాట్లాడాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. ఆ మర్నాడు సిగ్గు విడిచి ఆయన ఇంటికి వెళ్ళాను, చంకలో ఇటికరాయితో.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు అప్పటికే మందగించాయి. పేజీ తెరిచి చూపించాను. చదవలేనని నన్నే చదవమన్నాడు. చదివాను. ఆ సాయంత్రమే తెలిసిందనీ చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పాను. ఎర్రసిరా సంగతి కూడా చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన లోపలికి తిరిగి, "ఇదిగో, విన్నావా? పందికొక్కు మనదేనంట!" అని కేకేశాడు. లోపలినుంచి ఆమె, "ఆ పాప అప్పుడే చెప్పలేదా!" అంది. ఇద్దరూ నవ్వారు. ఎంత హాయిగా నవ్వారో! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నా గెంట పొయ్యింది. పోనీలే నాయనా. నేను ఎట్లాగూ రిటైరు అయ్యేవాణ్ణే" అన్నాడు నవ్వు ఆపి. తర్వాత ఆయన మొహం మారిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది.

"పిలకాయలచేత కొట్టేయించినాను గదరా. ముప్పైయెనిమిది మంది. వాళ్ళకు ఎవురు చెప్తారు ఇప్పుడు?"

"నేను చెబుతాను పెద్దయ్యోరూ."

"అందురికీ?"

"అందరికీ."

"ఆ పాపకు ముందు చెప్పల్ల. అది కొట్టెయ్యలేదన్నావే!"

మాట ఇచ్చాను. ఈసారి నిలబెట్టుకోవాలనే తిరిగాను. కొందరు బడిలోనే పై తరగతుల్లో ఉన్నారు. వాళ్ళకు తరగతిలోనే చెప్పాను. కొందరు పొలాల్లో ఉన్నారు, గట్టు మీద నిలబడి చెప్పాను. ఒకణ్ణి అరక్కోణంలో రైలు మారుతూ పట్టుకున్నాను. వాడికి బాండికూటు గుర్తు లేదు. పెద్దయ్యోరు గుర్తున్నాడు. "తప్పు చెప్పినానని మా ముందర చెవులు పట్టుకున్నాడు సార్. అట్లాంటి అయ్యోరు యాడ దొరకతాడు!" అన్నాడు. ఆయనది తప్పు కాదురా అని నేను చెప్పేలోపల వాడి రైలు కదిలింది. కిటికీ పట్టుకుని పరిగెత్తి చెప్పాను. వాడు విన్నాడో లేదో తెలియదు. వాణ్ణి లెక్కలో వేసుకుంటే ముప్పై ఒక్కరు.

పాప కోసం మూడు స్టేషన్లలో గూడ్సు షెడ్డుల దగ్గర అడిగాను. మూటలు మోసేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారో, ఎక్కడికి పోతారో ఎవరు రాసి పెడతారు? గుమ్మిడిపూండి వైపు పెండ్లి చేసి ఇచ్చారని ఒకాయన అన్నాడు. అక్కడా తిరిగాను. దొరకలేదు. పెద్దయ్యోరు పోయేముందు చూడటానికి వెళ్ళినప్పుడు కూడా ఆయన అడిగింది అదొక్కటే. లేదని చెప్పవలసి వచ్చింది.

ఆ పాప ఇప్పుడు ఎవరికో అవ్వ అయి ఉంటుంది. మీలో ఎవరి అవ్వయినా తిరుత్తణి దగ్గర ఒకటో ఫారం చదివిందేమో, వాళ్ళ నాయన స్టేషనులో మూటలు మోశాడేమో, ఇంటికి వెళ్ళి అడగండి. అవునంటే ఆమె పక్కన కూర్చుని, నెమ్మదిగా చెప్పండి. వాళ్ళ నాయన అబద్ధం చెప్పలేదు. ఆ ఎర్ర గీత కొట్టినవాడికి కొట్టేటప్పుడే ఆ సంగతి తెలుసు.